చెవి మీద కొంగు

ఆ పెద్దావిడ మళ్ళీ చెవి మీద కొంగు కప్పుకుంది.

ముర్తుజాకి చిర్రెత్తుకొచ్చింది.

గురజాల ఫంక్షన్ హాల్లో సౌండ్ బల్ల అతనిది. బల్ల పక్కన ఆఖరి వరసలో చివరి కుర్చీ మాత్రం ఆవిడది. ఎవరి పెళ్ళయినా సరే, పిలుపు లేకుండానే వచ్చి కూర్చుంటుంది. పాట జోరందుకుందో లేదో, అతని వైపే చూస్తూ కొంగు చెవి మీదికి లాక్కుంటుంది.

"నేనేదో ఈమె చెవి కోసుకుపోతున్నట్టు!" అని గొణుక్కుంటూ సన్న శబ్దాల మీట, ట్రెబుల్, తగ్గించాడు.

కొంగు దిగలేదు. ఇంకాస్త తగ్గించాడు.

కొంగు దిగింది.

మేనేజరు పకోడీ ప్లేటుతో వచ్చాడు. "భాయ్, నీ సౌండు నెయ్యేసిన ముద్దపప్పే అనుకో. నీకు ముందు యల్లమందని ఒకడుండేవాడు. వాడి సౌండుకి జనం ఇస్తరాకుల ముందు నుంచి లేచి పారిపొయ్యేవోళ్ళు."

"అందరికీ రాదులే సార్," ముర్తుజా మురిసిపోయాడు. "బేస్ అన్నం. మిడ్ కూర, పాటలో మాటలన్నీ దాన్లోనే ఉంటయ్. ట్రెబుల్ కారం. లేకపోతే చప్పిడి, ఎక్కువైతే మంట. చెయ్యి తిరగాల."

ఇద్దరూ పెద్దగా నవ్వారు. పక్కన పెద్దావిడ తల వంచుకుంది.

హాల్లో ఎంత సందడో, ఇంట్లో అంత శూన్యం. భార్య మెహరున్నీసా పోయాక ఇల్లే మూగబోయిందనిపించేది ముర్తుజాకి. చూరు కింద పిచ్చుకలు కూడా నోరు కట్టేసుకున్నట్టుండేవి. పొయ్యి మీద కుక్కర్ పెట్టి, ఆ నిశ్శబ్దంలోకే చూస్తూ కూర్చునేవాడు.

"భాయీ! కుక్కరు కూసీ కూసీ చస్తా ఉంది, మాడిపోద్ది!" పక్కింటి రుక్సానా గోడ మీంచి అరిచింది.

"ఏదో ఆలోచనలో ఉన్నాలేమ్మా."

తర్వాతి పెళ్ళిలో మళ్ళీ అదే కొంగు. ఈసారి ముర్తుజా ఊరుకోలేకపోయాడు.

"అక్కా, నా సౌండు నీకంత రోతగా ఉంటే ఇంటికాడ కూచ్చోరాదా? పిలవని పెళ్ళికి ముద్ద కోసం వచ్చేది, మళ్ళీ వంకలు పెట్టేది!"

ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఆవిడ లేచింది. బల్ల మీది మీటలకేసి చాలాసేపు చూసింది.

"సౌండు బాగుండాలనే వస్తన్నానయ్యా," అంది. "చెయ్యి జాగర్త."

మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత వచ్చిన పెళ్ళిలో ఖాళీ కుర్చీ చూసి ముర్తుజాకి ప్రాణం హాయిగా అనిపించింది. పాట మాత్రం దుప్పటి ముసుగు లోంచి పాడుతున్నట్టు మందంగా ఉంది. ట్రెబుల్ పెంచాడు. ఇంకా పెంచాడు.

చంటిపిల్ల గుక్కపట్టింది. పెళ్ళికొడుకు మేనమామ పరిగెత్తుకొచ్చాడు.

"ఆపవయ్యా సామీ! చెవుల్లో సూదులు దిగుతన్నయ్!"

"బాగానే ఉందిగా!"

"ఏందయ్యా బాగుండేది?"

తర్వాతి పెళ్ళిలోనూ అంతే. ఆ పైసారి మేనేజరే వచ్చి స్విచ్ ఆపేశాడు.

"భాయ్, ముందు పేటకి పోయి చెవులు చూపించుకో. అందాకా ఈ బల్ల దగ్గరికి రాబాక."

ముర్తుజాకి మిగిలింది ఆ బల్లొక్కటే. అదీ పోతే ఇక పొద్దస్తమానం ఆ మూగ ఇల్లే.

నరసరావుపేటలో పరీక్ష చేసే అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంది. బొంగురు శబ్దాలు వచ్చాయి. ఎత్తాడు. తర్వాత ఏమీ రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాడు.

"ఆపేశావేందమ్మా? కానీ."

ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ పక్కకి జరిపింది. "ఆపలేదంకుల్. ఇందాకట్నుంచి వస్తానే ఉన్నయ్."

లావు శబ్దాలు ఫరవాలేదట. సన్నవే పోయాయట. పిచ్చుకల కిచకిచ, కుక్కర్ కూత, అలాంటివన్నీ. పోయి కూడా ఏళ్ళయి ఉంటుందట.

"ఏం పని చేస్తారంకుల్?"

"సౌండు... మిక్సింగ్."

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. "మరి ఇన్నాళ్ళూ ఎట్టా చేశారు?"

ఆ ప్రశ్నకి జవాబు తిరుగు బస్సులో దొరికింది. కొంగు చెవి మీదికి వెళ్తే మీట తగ్గించాడు. కొంగు దిగితే చెయ్యి తీశాడు. చేసిందల్లా అంతే.

బస్సు దిగి నేరుగా హాలుకి నడిచాడు. పనిమనిషి పుల్లమ్మ ఒక్కతే ఊడుస్తోంది.

"పుల్లమ్మా, ఆ చివరి కుర్చీ అక్క ఇల్లెక్కడ?"

"ఊరొదిలి పోయిందిగా భాయ్. మాచర్ల అవతల ఏదో ఊళ్ళో చెల్లెలుందంట. ఈడ నాకింకేం పనే, అన్నది."

"ముద్ద కోసం వస్తందని నోరు జారా."

"అయ్యో, ఒక్క పూటన్నా తిన్నదా? నేను బతిమాలినా ఇస్తరాకు ముట్టేది కాదు. 'ఈయనక్కూడా చెవులు పోతన్నయ్ పుల్లమ్మా, ఎవురికీ చెప్పబాక, పనిలోంచి తీసేస్తారు' అనేది."

"నాకన్నా చెప్పొచ్చుగా."

"వాళ్ళాయనకి చెవులు పోతన్నయ్యని మొగాన్నే చెప్పిందంట. ఆ రోజు మొదలు పొయ్యేదాకా ఆయన మళ్ళీ పాటే వినలేదంట. అందుకే ఇంకెవురికీ చెప్పనన్నది."

ముర్తుజా ఆ చివరి కుర్చీలో కూలబడ్డాడు.

"వాళ్ళాయనెవరు?"

పుల్లమ్మ చీపురు గోడకి ఆనించి, ముసుగు కప్పి ఉన్న సౌండ్ బల్ల వైపు చెయ్యి చూపించింది.

"నీకు ముందు ఆడ కూచ్చున్నాయనే భాయ్, యల్లమంద."