మెట్ల మలుపు

"మీరు గది పొరబడ్డారు సార్. మీరు వెళ్ళాల్సింది పై అంతస్తుకి," అంది లైఫ్ కోచ్.

వచ్చినాయన వెనుదిరగలేదు. కుర్చీని ఆమెకు సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు గానీ గడ్డం మాసి ఉంది.

"పైకే వెళ్దామని రోజూ వస్తున్నానమ్మా. మెట్ల మలుపు దాకా ఎక్కుతాను. అక్కడ కాళ్ళు మొరాయిస్తాయి. దిగి వెళ్ళిపోతాను."

"అదే చెప్తున్నా. భయాలూ, పాత గాయాలూ పైన సైకోథెరపిస్టు గారు చూస్తారు. ఇలా ఎందుకయిందని లోపలికి తవ్వేది ఆయన. నేను తవ్వను. ఇక్కణ్ణుంచి ఎక్కడికి చేరాలి, దానికి రేపేం చెయ్యాలి, అంతవరకే నా పని. పంటి నొప్పికి కళ్ళజోళ్ళ షాపుకొస్తే ఎలా చెప్పండి?"

ఆయన చిన్నగా నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఎందుకో నాకు తెలుసు. నన్ను నమ్ముకున్న కుర్రాడొకడు ప్రాణం తీసుకున్నాడు. ముందురోజు నాతో కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. నేను పసిగట్టలేకపోయాను. ఇక తవ్వడానికేం లేదమ్మా. ఎక్కడమే చేతకావడం లేదు."

మాస్టారేమో అనుకుంది కోచ్. ఆమె ఈ గదిలో దిగి ఎన్నాళ్ళో కాలేదు. లేనిపోని తంటా నెత్తికెత్తుకోవడం ఎందుకనిపించింది.

"పైన ఆయన్ని నేను చూడలేదు గానీ, మంచివారే అయ్యుంటారు సార్. ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు."

"ఇంకా వస్తున్నారా?"

"ఒక పెద్దావిడైతే రోజూ వస్తుంది. మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతుంది పాపం. ఆవిడ ఎక్కగా లేనిది మీకేం?"

ఆయన కుర్చీ అంచుకు జరిగాడు.

"ముందుకు నడిపించడమే కదా మీ పని? అయితే నన్ను ఆ తలుపు దాకా చేర్చండి. అంతకు మించి అడగను."

అది మాత్రం తన పనే. కోచ్ లేచింది.

"తలుపు సంగతి మర్చిపోండి. ముందున్న మెట్టొక్కటే చూడండి. తూలితే పట్టుకుంటా. మరీ మీద పడకండి, ఇద్దరం దొర్లుతాం."

మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు. రెయిలింగు గట్టిగా పట్టుకున్నాడు.

"వెనక్కి పోదామమ్మా."

"పోదాం. ఇంకొక్క మెట్టెక్కాక."

ఎక్కాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. ఆమె మళ్ళీ అదే జవాబు చెప్పింది. అలా వాదించుకుంటూనే పైకి చేరారు.

మూసి ఉన్న తలుపు ముందు బెంచీ మీద ఆ పెద్దావిడ కూర్చుని ఉంది. అడుగుల చప్పుడికి తల తిప్పింది.

"అమ్మమ్మా, ఈయన చాలా కష్టపడి ఎక్కారు. మీకంటే ముందు లోపలికి వెళ్ళనిస్తారా?" అడిగింది కోచ్.

పెద్దావిడ సంచి భుజానికి తగిలించుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"ఆయన ముందు వెళ్తేనే కదా తల్లీ మేము వెళ్ళేది! తాళంచెవి డాక్టరు గారి దగ్గరే ఉందాయె."