ఇన్నయ్యకు జ్వరం వచ్చిందోచ్!

రెంటచింతలలో మే నెల ఎండ నిప్పులు చెరుగుతుంటే, లూర్దమ్మ ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసేసి, మంచం మీదున్న భర్త ఇన్నయ్యకు రెండో దుప్పటి కప్పింది. ఇన్నయ్య పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ. ఒంటికి కష్టమొచ్చినప్పుడు కణాలను కాపాడే ప్రోటీన్లుంటాయట. ఆ కాపలావాళ్లనే గడ్డ తనవైపు తిప్పుకుని బలిసింది. ఇక కాలేయంలోకి పాకడమే తరువాయి. కాపలావాళ్లను తరిమే మాత్ర, జ్వరం తెప్పించే సూది ఇచ్చి డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "జ్వరం రావాలమ్మా. కాపలా లేని గడ్డ ఆ వేడికి తట్టుకోలేదు."

ఊళ్లో ఇప్పుడు క్యాన్సర్ వచ్చినవాళ్లందరికీ ఇదే వైద్యం. అందుకే దారినపోయేవాళ్లు గుమ్మం ముందు ఆగి, పురిటి కబురు అడిగినట్టు "వచ్చిందా వదినా?" అని అడుగుతున్నారు.

పొద్దుగూకే వేళకు ఇన్నయ్య పళ్లు టకటకలాడాయి. లూర్దమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. పెనంలా కాలుతోంది!

"జ్వరం వచ్చిందోచ్!" అని ఆమె కేకేస్తే వీధి వీధంతా చప్పట్లు.

అంతలో వంటింట్లోంచి అత్త శౌరమ్మ తడిగుడ్డతో పరుగున వచ్చి కొడుకు నుదుటి మీద వేయబోయింది.

"అత్తా, ఆగు! చల్లార్చావంటే గడ్డ బతుకుద్ది!"

శౌరమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఇన్నయ్య పుట్టినకాడనుంచి, మరియమాతకు మొక్కుకుంటూ ఎన్నో జ్వరాలు దించిన చెయ్యి అది. ఆ గుడ్డతో తన చెమటే తుడుచుకుని ఆమె గోడ మీది మరియమాత పటం వైపు తిరిగింది.

"తల్లీ, ఇన్నాళ్లూ నువ్వు దించినయ్యి చాల్లే గానీ, ఈ ఒక్కటీ ఇంకాస్త పెంచమ్మా!"