బ్లాగు చూసి వచ్చిన సంబంధం

“పాపా, ఆ గీతల చొక్కా మార్చెయ్. జైల్లోంచి వచ్చావనుకుంటారు.”

“తలమీది గీత బాగుంటే, చొక్కామీది గీతలు ఏం చేస్తాయిరా!” అన్నాడు భీమశంకర్. అన్నాడే గాని, గబగబా వెళ్లి చొక్కా మార్చుకొచ్చాడు.

హిందీ బళ్లో చదివిన ఈశ్వర్‌కి తండ్రి ఎప్పుడూ ‘పాపా’యే. యాభై దాటిన వయసు, బట్టతల, బారెడు మీసం ఉన్న పాప! టాటానగర్ కాసిడీహ్‌లోని ఆ ఇంట్లో ఉండేది ఈ తండ్రీకొడుకులిద్దరే. ఇల్లాలు పోయాక ఇల్లు కాస్తా హాస్టలైపోయింది. పోయినసారి వచ్చిన సంబంధం వాళ్లు భీమశంకర్ ఫేస్‌బుక్కు చూసి, “ఈయనకి పొద్దస్తమానం ఇదే పనా?” అని మొహం చాటేశారు. ఈసారి వచ్చేవాళ్లు మాత్రం బ్లాగు చూసి వస్తున్నారు. ఇదీ జారిపోతే ఎలా అని భీమశంకర్ లడ్డూల పళ్లెం ఇప్పటికి నాలుగుసార్లు సర్దాడు.

ఆ బ్లాగుకో కథుంది. ఒకసారి భీమశంకర్ ఫేస్‌బుక్కులో ఒక జోకు వేశాడు. అది ఊరంతా తిరిగి, నెత్తిన గులాబీ పువ్వు పెట్టుకుని, ఎవరి పేరుతోనో మళ్లీ అతని వాట్సాప్‌కే వచ్చి గుడ్‌మార్నింగ్ చెప్పింది. కన్నతండ్రిని గుర్తుపట్టని ఆ జోకుని చూసి అతను కుమిలిపోతుంటే, ఈశ్వరే కూర్చోబెట్టి బ్లాగు పెట్టించాడు. అలాగని ఫేస్‌బుక్కూ మానలేదు. అక్కడ పిలుపు, బ్లాగులో భోజనం!

బెల్లు మోగింది. ముందు జానకి వచ్చింది. బిష్టుపూర్‌లో బ్యాంకు ఆఫీసరు. వెనకే కూతురు నేహ. ఆ వెనక నేహ మేనమామ సోమేశ్వరరావు. ఆయన్ని చూడగానే భీమశంకర్ లడ్డూల పళ్లెం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. జుగ్సలాయిలో ఇనపసామాన్ల కొట్టాయన! రెండేళ్ల కిందట ఆ కొట్లోనే సుత్తి కొన్నాడు. కొని ఊరుకున్నాడా, ఆ ముచ్చటంతా బ్లాగులో కడుపారా రాసుకున్నాడు. రాసిందల్లా ఇప్పుడు ఒక్కో ముక్కా గుర్తొస్తోంది.

టీలు అయ్యాయి.

“పిల్లలిద్దరూ కాసేపు బాల్కనీలో కూకోండర్రా. మాట్టాడుకోవాల్సినోళ్లు మాట్టాడుకుంటారు,” అన్నాడు సోమేశ్వరరావు.

ఈశ్వర్, నేహ ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటూ లేచారు. “టెన్షన్ మత్ లో, కంగారుపడకు పాపా,” అని తండ్రి చెవిలో ఊది మరీ వెళ్లాడు కొడుకు.

సోమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. “ఇంటి ఆడపిల్లనిచ్చేముందు ఆరా తియ్యాలి కదండీ. మీ తండ్రీకొడుకుల ఫేస్‌బుక్కులు సూసినాను. అబ్బాయివన్నీ మోటారు సైకిళ్లు. మీవన్నీ పుట్టినరోజు కేకులు, పేలని జోకులు. మనిసి మాత్రం ఎక్కడా కనపళ్లేదు.”

“ఫేసు బుక్కు కదండీ, ఫేసు వరకే! మనసంతా బ్లాగులో ఉంటుంది.”

“ఫేస్‌బుక్కుండగా ఇదేటికండీ మళ్లీ?”

“ఫేస్‌బుక్కు మన టాటానగర్ స్టేషన్లో ఆగని గూడ్సు లాంటిదండీ. పొద్దున్న రాసింది సాయంత్రానికి మాయం. పైగా అద్దె గోడ. బ్లాగైతే సొంత ఇల్లు! ఎప్పుడు రాసింది అప్పటిది అక్కడే ఉంటుంది. ఎవరు వెతికినా ఇట్టే దొరుకుతుంది...”

అనేసి నాలుక్కరుచుకున్నాడు.

“ఎవులెతికినా దొరుకుతాదా?” సోమేశ్వరరావు అప్పటికే ఫోను తీశాడు. “జుగ్సలాయి... సుత్తి... ఇదిగో, దొరికేసింది!” కళ్లజోడు పైకి తోసి చదవడం మొదలెట్టాడు. “‘జుగ్సలాయిలో ఒక కొట్టుంది. అక్కడ సుత్తి కొంటే సుత్తి ఉచితం. ఇనపది సంచీలో వేస్తారు, నోటిది చెవిలో వేస్తారు.’”

ఫ్యాను గిర్రున తిరుగుతున్నా భీమశంకర్‌కి చెమటలు పట్టాయి. ఈ సంబంధమూ గూడ్సెక్కేసినట్టే!

“అది... ఏదో హాస్యానికండీ...”

“ఆస్యానికా! ఇది సదివినోళ్లు ఇప్పటికీ మా కొట్టుకొత్తన్నారు. ‘సుత్తి ఉచితమంట కదా, మాట్టాడండి’ అంటన్నారు! వచ్చినోళ్లకి కుర్చీలేయించాల్సొచ్చింది!” అని గోడలదిరేలా నవ్వాడు సోమేశ్వరరావు. “మేకుల మీద ఎప్పుడు రాత్తారు?”

“గుచ్చుకోకుండా రాస్తానండీ,” అన్నాడు భీమశంకర్, పోయిన ప్రాణం సగం వెనక్కొచ్చి.

జానకి టీకప్పు పక్కన పెట్టి అన్నయ్య వైపు తిరిగింది. “కాకరకాయ చేదు ఎలా పోతుందా అని వెతుకుతుంటే ఈయన రాసింది దొరికింది అన్నయ్యా. ఎప్పటిదో నాలుగేళ్ల కిందటిది. కూర చేదు పోలేదు గాని, నా మొహంలో చేదు పోయింది. ఆ ఊపులో పాతవన్నీ చదివేశాను. ఉప్మా మాడితే మాడిందనే రాశారు. పోయినావిడ గురించి రాసింది చదివితే, పోయిన మా ఆయన గుర్తొచ్చి ఏడ్చాను కూడా. అద్దంలో చూసుకున్నట్టు రాసేవాళ్ల దగ్గర దాపరికం ఏముంటుంది?”

“అయితే మా వంట సంగతి తెలిసిపోయిందన్నమాట! ఈ ఇంటికొచ్చే మనిషికి కష్టమేనండి,” నసిగాడు భీమశంకర్.

“వచ్చే మనిషి వంటా అంతంతమాత్రమే లెండి,” జానకి కొంగు సర్దుకుంటూ నవ్వింది. “నవ్వుకి లోటుండదు, అది చాలు. నాకిష్టమే అన్నయ్యా.”

“మరి మీరేటంటారు, బాబూ?”

ఊహ తెలిశాక మొదటిసారి భీమశంకర్‌కి ఒక్క శ్లేషా తట్టలేదు. “ఇష్టమేనండి,” అన్నాడు బుద్ధిగా.

బాల్కనీ తలుపుకి చెవులానించి నిలబడ్డ ఇద్దరూ ఒక్క ఉదుటున లోపలికొచ్చిపడ్డారు. ఈశ్వర్ ఒక లడ్డూ తీసి నేహ నోట్లో కుక్కాడు.

“మన పాపాకి పెళ్లి కుదిరింది, చెల్లీ!”