వంతు పడవ

"దొరికిందా?" గట్టు మీద నుంచి భార్య అరిచింది.

అతను కాలవలోంచి తల పైకెత్తి, నోట్లో బురద ఉమ్మేసి, లేదన్నట్టు చెయ్యూపాడు. మళ్లీ మునిగాడు. పడవ వెనక రాడ్డు బోడిగా చేతికి తగిలింది. దాని చివర ఉండాల్సిన ఇత్తడి ఫ్యాను లేదు. నీళ్లను తోసి పడవను నడిపేది అదే. అది లేనప్పుడు ఇంజిను ఎంత గొంతు చించుకున్నా పడవ కదలదు.

వారమంతా దీపాల కోసం ఇంజిను తిప్పారు తప్ప, తోడల్లుడు కట్టి వెళ్లిన చోటు నుంచి పడవను కదపనేలేదు. ఈ పొద్దున బయల్దేరదామని రివర్సులో గట్టిగా లాగించాడు. కింద ఏదో ఖంగుమంది. అంతే, అయిపోయింది.

పడవ రెండు కుటుంబాలది. ఓ వారం వీళ్ల వంతు, ఓ వారం ఆవిడ అక్కాబావల వంతు. సాయంత్రానికి రేవులో అప్పజెప్పాలి. "ఇంకోసారి నీ చేతిలో ఏదన్నా విరిగితే వాటా వదులుకో తమ్ముడూ" అని పోయిన నెల తోడల్లుడు నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటలే ఆయన మర్చిపోడు.

వాటా గురించి అతనికి బెంగ లేదు. బెంగంతా ఆవిడ గురించే. మాత్రలు మింగినా ఇంట్లో కన్ను మూతపడని మనిషి, ఈ పడవలో పడుకుంటే చాలు, చంటిపిల్లలా నిద్రపోతుంది.

ఫోను మోగింది. "బావ!" అంటూ ఆవిడ నిప్పు ముట్టుకున్నట్టు దాన్ని అతని తడిచేతిలో పెట్టేసింది.

"తమ్ముడూ, నువ్వు రేవుకి రానక్కర్లేదులే. నేనే అక్కడికొచ్చి పడవ తీసుకుంటా."

అతను గబగబా అందుకున్నాడు. "అయ్యో, బయల్దేరిపోయాం అన్నయ్యా! సగం దూరం వచ్చేశాం."

తోడల్లుడి గొంతు మారింది.

"వచ్చేశారా? ఇంజిను మీదేనా?"

"మరి ఈత కొట్టుకుంటూ వస్తామా? మాంచి జోరు మీదుంది!"

ఫోను పెట్టేసి గట్టు మీద కూలబడ్డాడు. "ఆయనకి అనుమానం వచ్చేసింది."

"నిజం చెప్పేద్దామండీ."

"చెప్పేసి? మళ్లీ తెల్లార్లూ గోడలు చూస్తూ కూచుంటావా?"

ఆవిడ పడవ దగ్గరికి నడిచింది. కట్టు విప్పి, ముందువైపు తాడు భుజాన వేసుకుంది.

"నువ్వొద్దు, ఇలా ఇవ్వు."

"మీరొక్కరే లాగితే రేపటికి కూడా చేరం. పట్టండి."

పడవ గట్టుకి గుద్దుకోకుండా చుక్కాని ఓ పక్కకి తిప్పి కట్టేశాడు. ఇద్దరూ తాడు భుజాలకేసుకుని, నడుం వంచి లాగారు. మొదట పడవ మొరాయించింది. తర్వాత అయిష్టంగా కదిలింది. ఎండ నడినెత్తికొచ్చింది. తాడు చొక్కాలోంచి చర్మంలోకి కోసుకుపోతోంది. ఆగితే మళ్లీ కదిలించడం కష్టమని ఆగలేదు.

గాలం వేసుకుని కూచున్న పెద్దమనిషి వింతగా చూశాడు. "ఇంజిను పడవని లాగుతున్నారేంటండీ?"

"డాక్టరు నడవమన్నాడు" అన్నాడతను రొప్పుతూ.

పెద్దమనిషి కాళ్లు ముడుచుకున్నాడు. దారిచ్చి, తన గాలం సంగతి తను చూసుకున్నాడు.

వంతెన దాటాక ఆవిడ కాలు జారింది. మోకాళ్ల మీద పడింది. అరచేతులు దోక్కుపోయాయి. అతను తాడు వదిలేసి పరుగెత్తాడు. ఆ చేతులు చూడగానే ఏడుపు ఆగలేదు.

"వద్దే. ఈ దిక్కుమాలిన పడవా వద్దు, ఏమీ వద్దు. వెళ్లి ఆయన కాళ్లమీద పడతా. ఇంటికి పోదాం పద."

"ఇంట్లో నాకు నిద్ర రాదండీ" అందావిడ. కొంగుతో ఒక అరచెయ్యి చుట్టుకుని, లేచి మళ్లీ తాడు అందుకుంది.

అతనూ తాడు భుజానికెత్తుకున్నాడు. ఏడుస్తూనే లాగాడు.

రేవు ముందర మలుపు దగ్గర ఆగారు. అవతలి నుంచి అక్క గొంతు వినబడుతోంది. తాడు పైకి లాగేసి ఇద్దరూ పడవెక్కారు.

"నువ్వు చుక్కాని పట్టుకో. ఇంజిను మోత మోగుతుంటుంది. నేను పడవ గదికి అవతల, వాళ్లకి కనబడకుండా వంగి, గెడతో నెట్టుకొస్తా. తాళం చెవి ఆయన చేతిలో పడిందంటే, ఆ తర్వాత ఏం జరిగినా ఆయన వంతే."

"పాపం కదండీ?"

"పాపమే. ముందు నువ్వు నవ్వు మొహం పెట్టు."

ఇంజిను ఊరంతా వినబడేలా మోగింది. ఆవిడ చేతులు మండుతున్నా నవ్వుతూ నిలబడింది. అతను నక్కి గెడ పొడుస్తున్నాడు, పళ్లు బిగబట్టి, ప్రాణాలన్నీ చేతుల్లోకి తెచ్చుకుని. పడవ మలుపు తిరిగి, హుందాగా రేవుకి వచ్చి ఆనింది.

రేవు మెట్ల మీద అక్క చెయ్యూపడం మానేసి మొగుడి వంక చూసింది. తోడల్లుడు ఓ బరువైన గోనెసంచి గుండెలకి హత్తుకుని, ఎటు పోవాలో తెలియనివాడిలా నిలబడి ఉన్నాడు. పడవని చూశాడు. మోగుతున్న ఇంజినుని చూశాడు.

"ఇదెలా... ఇదెలా వచ్చిందే?" అన్నాడు మరదలితో.

"ఇంజిను మీదే బావా! పరుగో పరుగు!"

ఆయన చేతుల్లోంచి గోనెసంచి జారి ధడేల్మని రాతి మెట్టు మీద పడింది. విరిగిన రెక్కకి కొత్తగా అతుకు వేయించిన పడవ ఇత్తడి ఫ్యాను అందులోంచి బయటికి దొర్లింది.