నూలు పంచెల ఆసామి

"ఇగో, లక్ష రూపాయలు" అంటూ దేవరాజు నోట్ల కట్ట తీసి మగ్గం మీద పెట్టాడు.

వెంకట్రాములు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పక్కనున్న పీట మీదికి మార్చాడు.

"మగ్గం మీద పైసలు పెట్టొద్దు సార్" అన్నాడు నెమ్మదిగా.

దేవరాజుకు చురుక్కుమంది. నాగర్‌కర్నూల్‌లో ఆయన పేరున్న రోడ్ల కాంట్రాక్టరు. ఆయన పెట్టిన కట్టను పక్కకు జరిపిన మనిషి అంతవరకు ఎదురుపడలేదు.

కూతురు ఉమ పెళ్లి నెల రోజుల్లో ఉంది. కిందటేడు తోడల్లుడు శ్రీనాథ్ తన బిడ్డకు యాభై వేల చీర కట్టించి చుట్టాలందరి నోళ్లలో నానాడు. దాన్ని మించితేగాని దేవరాజుకు ముద్ద దిగదు. అందుకే భార్య వనజను వెంటబెట్టుకుని కొత్త కారులో గద్వాల దాకా వచ్చాడు.

ఊళ్లో ఎవరినడిగినా నేతంటే వెంకట్రాములుదే అన్నారు. తీరా చూస్తే రెండు గదుల రేకుల ఇల్లు. అందులో వెడల్పాటి మగ్గం. ముగ్గురు కూర్చుని నేస్తున్నది మాత్రం ఒక తెల్ల పంచె.

"నెల దినాలల్ల నిండా జరీ చీర కావాలె. మగ్గం ఖాళీ చెయ్యి" అన్నాడు దేవరాజు.

"ఈ పంచెల జోడు అయ్యేదాక ఇంకోటి ఎక్కియ్యం సార్."

"పట్టువా?"

"నూలువే."

"నూలు పంచెలు కట్టేటోని కోసం నన్ను ఆపుతున్నవా? ఎంతిస్తడు ఆయన?"

వెంకట్రాములు నవ్వాడు. "ఆయనతోని ఎన్నడు బేరం చెయ్యలే సార్."

"నేను రెండింతలిస్త. పో, మూడింతలు."

"మా తాతల కాలం సంది ఉన్న వాడుక. ఏడాదికోపారి ఈ జోడు పోవాల్సిందే."

"అయితే ఆయన్నే నా దగ్గరికి పంపు. నేను మాట్లాడుకుంట."

"ఆయన ఎవ్వరి దగ్గరికి పోడు సార్. మనమే పోవాలె."

"అంత పెద్దమనిషికి నూలు పంచెలేంది?"

వెంకట్రాములు ఏదో చెప్పబోయాడు. ఇంతలో దేవరాజు జేబులో ఫోను మోగింది. ఆగమన్నట్టు చెయ్యి చూపి ఆయన వాకిట్లోకి నడిచాడు. కంకర లారీల పంచాయితీ తెగేసరికి పావుగంట పట్టింది.

తిరిగొచ్చేసరికి వనజ మగ్గం దగ్గర నుంచి లేస్తోంది. చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"మీరు గూడ జర కాళ్లు కడుక్కొని రాండ్రి సార్. ఒక్క పోగు వేసి పోదురు" అన్నాడు వెంకట్రాములు.

"రోడ్లు ఏసేటోనితోని బట్ట నేపిస్తవా?"

"ఒంటిపూట తిని నేస్తున్నరు సార్ వీళ్లు" అంది వెంకట్రాములు భార్య జమ్ములమ్మ, మంచినీళ్లు అందిస్తూ.

దేవరాజుకు నిజంగానే జాలేసింది. "రెండో పూట కూటికి లేదు, లక్ష రూపాయలు వద్దంటవు. నీకు బతకనీకి తెల్వదయ్యా."

"మాకేం తక్కువ సార్. కడుపు సల్లగున్నది" అన్నాడు వెంకట్రాములు, పోగు విసిరే నాడె మళ్లీ అందుకుంటూ.

కారెక్కాక వనజ అడిగింది. "ఆ పంచెలు ఎవరికో ఎరుకేనా?"

"ఎవనికైతే నాకేంది."

వనజ కిటికీలోంచి బయటికి చూస్తూ ముసిముసిగా నవ్వుకుంది.

చివరికి హైదరాబాదులో లక్షన్నర పోసి చీర కొన్నాడు దేవరాజు. ఆ బరువుకు ఉమ పీటల మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది. తలంబ్రాలు కాగానే పిల్ల దాన్ని విప్పి అవతల పడేసి, వాయిల్ చీర చుట్టుకుని హాయిగా తిరిగింది. ఇక శ్రీనాథ్ అయితే ఆ చీర వంక చూడనైనా చూడలేదు. పచ్చిపులుసు బాగుందని రెండుసార్లు పోయించుకున్నాడు. దేవరాజు ప్రాణం ఉసూరుమంది.

బ్రహ్మోత్సవాలకు మొగుడూ పెళ్లాలు తిరుమల వెళ్లారు. దేవరాజు పది చోట్లకు ఫోన్లు చేసి, వేలు పెట్టి, దగ్గరి దర్శనం సంపాదించాడు. స్వామి ముందు నిలబడగానే కళ్లు చెదిరాయి. కిరీటం, వజ్రాలు, బంగారు హారాలు. వైభోగమంటే ఇదీ అనుకుంటూ చూపు కిందికి దించాడు.

"ఇంత బంగారం పెట్టుకొని, నూలు పంచె కట్టిండేంది?" అని గొణిగాడు.

వనజ జోడించిన చేతులు దించలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వుతోంది.

"అండ్ల ఒక్క పోగు నాది" అంది మెల్లగా.

"నీదా? ఎప్పుడేసినవు?"

"మీరు వాకిట్ల ఫోన్ల ఉన్నప్పుడు. జమ్ములమ్మ అంతా చెప్పింది. మీరేమో ఎంతిస్తడని అడిగిండ్రు గని, ఎవరని అడగకపోతిరి."

దేవరాజు మళ్లీ ఒకసారి ఆ పంచె వైపు చూడబోయాడు. అప్పటికే "జరగండి, జరగండి" అంటూ భుజం మీద చెయ్యి పడింది.

తన దగ్గరికి రమ్మని ఆ రేకుల ఇంట్లో నిలబడి తాను హుకుం జారీ చేసింది సాక్షాత్తూ ఏడుకొండలవాడికని, జనం నెట్టుకుంటూ బయటికి తెచ్చి పడేశాకగాని దేవరాజుకు తెలిసిరాలేదు.