పక్క మంచం ఇశ్రాయేలు

పక్క మంచం చుట్టూ మళ్లీ మెడికల్ కాలేజీ పిల్లలు మూగారు.

కొత్తపేట సూర్యారావుగారికి ఒళ్లు మండింది.

షుగరు పెరిగి అమలాపురంలో ఈ ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ ఇదే తంతు. తెల్లకోట్లన్నీ ఓడలరేవు ఇశ్రాయేలు దగ్గరికే. ఒకరి తరవాత ఒకరు అతని గుండె మీద స్టెత్ పెట్టి, కళ్లు మూసుకుని వింటారు. ఈయనకి మాత్రం నర్సు వచ్చి వేలికి సూది గుచ్చి పోతుంది.

“కొబ్బరితోటలున్నవాణ్ణి. నన్ను పలకరించే దిక్కు లేదు,” అన్నారు భార్య వీరాయమ్మతో.

“అతనిది గుండెజబ్బంటండి. ప్రొఫెసరుగారు దాని గురించి ఏదో పెద్ద డాక్టర్ల పత్రికకి రాస్తున్నారంట కూడాను.”

“జబ్బులో కూడా వాడిదే గొప్పా?”

మనిషన్నాక అసూయ ఉంటుంది. జబ్బు మీద అసూయేమిటండీ మరీను.

ప్రొఫెసర్ రాగానే సూర్యారావుగారు లేచి కూర్చున్నారు.

“ఈ గోల పడలేకపోతున్నానండి. అతన్ని ఇంకో వార్డుకి మార్చెయ్యండి.”

ఇశ్రాయేలు ఆయాసపడుతూనే దణ్ణం పెట్టాడు.

“ఆయ్, మార్చెయ్యండి. బాబుగారు పడుకోవాలి కదండీ.”

సాయంత్రానికి ఆ మంచం ఖాళీ అయింది. సూర్యారావుగారు హాయిగా నిద్రపోయారు.

రెండ్రోజులకి యామిని అనే విద్యార్థిని ఒక్కతే వచ్చింది.

“మిమ్మల్ని ఓసారి చూడొచ్చాండి?”

“ఇన్నాళ్లకి గుర్తొచ్చేనా?” అంటూనే చొక్కా గుండీలు విప్పారు.

ఆమె విన్నది. మళ్లీ విన్నది. గబగబా వెళ్లి ప్రొఫెసర్‌ని తీసుకొచ్చింది. వెంటనే గుండెకి ఎకో స్కాన్ తీశారు.

“గుండెలో వాల్వు సన్నబడుతోందండి. ముందే దొరికింది, ఆపరేషన్‌తో బాగైపోతారు,” అన్నాడు ప్రొఫెసర్. “చాలా చిన్న చప్పుడది. నాకే అందలేదు, ఈ అమ్మాయి పట్టేసింది.”

మంచం చుట్టూ తెల్లకోట్లు నిండాయి. అంత భయంలోనూ సూర్యారావుగారికి కాస్త గర్వంగానే ఉంది.

“పిల్లలకి బాగా నేర్పేరండి.”

“నేర్పింది నేను కాదండి, ఇశ్రాయేలుగారు. ఆయనకి ఇదే జబ్బు, ముదిరిపోయింది. చేసేదేం లేదు, ఇంటికెళ్లమన్నాం. పిల్లలందరికీ ఆ చప్పుడు తెలిసేదాకా ఉంటానని ఆగిపోయేరు.”

సూర్యారావుగారి గొంతు తగ్గింది.

“ఇప్పుడు ఏ వార్డులో ఉన్నాడు... ఉన్నారండి?”

“నిన్న పొద్దున్న పోయేరండి,” అంది యామిని. “పక్క మంచం బాబుగారు చిన్నబుచ్చుకుంటున్నారు, ఆయన గుండె కూడా ఓసారి వినమ్మా అని, చివరిగా నాతో చెప్పింది అదేనండి.”