సీసాలో మంచినీళ్ళు

బోరు దగ్గరికి వచ్చిన ముసలాయన చేతిలో బిందె లేదు, ఖాళీ సీసా ఉంది.

"కరెంటు ఎప్పుడొస్తుంది బాబూ?"

"వచ్చినప్పుడు," అన్నాడు బోరు ఆపరేటరు.

"మోటారు పది నిమిషాలు ఆడాక, సీసా మూడుసార్లు కడిగి నింపి ఉంచు. సాయంత్రం వస్తాను."

"ఏ ఆఫీసు మీది?"

"ఏ ఆఫీసూ కాదు."

జీతం లేకుండా ఎండలో తిరిగేవాడెవడు? ఎదుటివాడి లాభం ఎక్కడుందో కనబడలేదంటే, నష్టం మన వాటాకు వచ్చినట్టే. ఆపరేటరు లెక్క అది.

"నీళ్ళు బాగాలేవనుకోండి, ఏం చేస్తారు?"

"అప్పుడే నాకు పని. బాగుంటే మళ్ళీ మీ ఊరి మొహం చూడను," అని నవ్వాడు ముసలాయన.

ఆ నవ్వు ఆపరేటరుకు నచ్చలేదు.

పోయినేడు పక్క ఊళ్ళో ఇలాగే ఎవరో నీళ్ళు పట్టుకెళ్ళారు. వారం తిరక్కుండా అధికారులొచ్చి, తాగొద్దని బోరుకు ఎర్రరంగు పూసి మూసేశారు. ఆడవాళ్ళు ఎండాకాలమంతా మూడు మైళ్ళు నడిచి నీళ్ళు మోశారు.

ఆపరేటరు ఇంటికెళ్ళాడు. బోరు నీళ్ళు తాగి కూతురి పళ్ళకు గోధుమరంగు గారలు పట్టాక, పిల్లకొక్కదానికే పట్నం నుంచి డబ్బా నీళ్ళు తెప్పిస్తున్నారు.

"ఆ నీళ్ళు ఓ సీసాడు పొయ్యి."

"పిల్ల నోటి దగ్గరివి," అంది భార్య.

"బోరు మూస్తే నా ఉద్యోగమూ పోతుంది, ఊరికి నీళ్ళూ పోతాయి. సీసాడు నీళ్ళతో శని వదిలిపోతుందంటే చవక బేరమే."

"చూస్తే మంచాయనలాగే ఉన్నాడు."

"మోసగాడు నుదుటి మీద రాసుకుని తిరుగుతాడా?"

సాయంత్రం ముసలాయన సీసాలో నీళ్ళు కొన్ని గాజుగొట్టంలో పోసి, రెండు చుక్కల మందు వేసి, రంగు చూశాడు. మళ్ళీ చూశాడు.

"పది నిమిషాలు ఆడించావా?"

"ఆడించానండీ."

"మూడుసార్లు కడిగావా?"

"కడిగానండీ."

"అదృష్టవంతులయ్యా," అని వెళ్ళిపోయాడు. అన్నమాట ప్రకారం మళ్ళీ రాలేదు.

నెల తర్వాత ఒక లారీ బోరు దగ్గర ఆగింది. డ్రైవరు పై ఊరికి దారి అడిగాడు.

"లోపలేముంది?" అన్నాడు ఆపరేటరు.

"నీళ్ళు శుద్ధి చేసే మిషను. బిందె రూపాయికే ఇస్తారట."

"ప్రభుత్వం పెడుతోందా?"

"ప్రభుత్వమా? సీసా పట్టుకుని ఊళ్ళు తిరిగే ముసలాయన లేడూ, ఆయన ఉన్న ఒక్క ఇల్లూ అమ్మి మీ ఊరి కోసమే కొన్నాడట. మీ నీళ్ళు బంగారమని తేలాక పై ఊరికి పంపిస్తున్నాడు."